పాత ట్యూబులైట్లు తీసేసి ఇల్లంతా ఎల్‌ఈడీ స్ట్రిప్పులు వేయించవచ్చా? (సముద్రపు గాలి తగిలే ఇల్లు)

పెదవాల్తేరు నివాసి

అందరికీ నమస్కారం. మా ఇల్లు విశాఖపట్నం పెదవాల్తేరులో, సముద్రానికి అర కిలోమీటరు లోపే ఉంటుంది. నాన్నగారు 1994లో కట్టించిన ఇల్లు ఇది. అప్పుడు బిగించిన ట్యూబులైటు పట్టీలే నేటికీ గోడల మీద ఉన్నాయి. హాలులో రెండు, రెండు పడకగదుల్లో ఒక్కొక్కటి, వంటింట్లో ఒకటి, మొత్తం ఐదు. అన్నీ నాలుగడుగులవి, అన్నీ పాత చోకు, స్టార్టరుతో పనిచేసేవే. హుద్‌హుద్ తుపాను తరువాత నగరంలో వీధి దీపాలు ఎల్‌ఈడీలుగా మారాయి, ప్రభుత్వం ఉజాలా పథకంలో ఎల్‌ఈడీ బల్బులు ఇచ్చినప్పుడు మేమూ రెండు తెచ్చుకొని దేవుడి గదిలోనూ మెట్ల దగ్గరా పెట్టుకున్నాం గాని, ట్యూబులైట్ల జోలికి మాత్రం ఇన్నాళ్లూ వెళ్లలేదు.

ఇప్పుడు వెళ్లక తప్పడం లేదు. ఉప్పుగాలికి పట్టీలు తుప్పు పట్టి, ముట్టుకుంటే పొట్టు రాలుతోంది. స్విచ్ వేశాక నాలుగైదు సార్లు మిణుకుమంటే గాని హాలులో ట్యూబు వెలగడం లేదు. ఇంటీరియర్ పనులు చేసే ఒక కాంట్రాక్టరును పిలిపించి చూపిస్తే, హాలుకు జిప్సం ఫాల్స్ సీలింగ్ వేసి, దాని అంచు చుట్టూ లోపల కనిపించకుండా ఎల్‌ఈడీ స్ట్రిప్పు (చిన్న చిన్న దీపాలు వరుసగా అమర్చిన సన్నని పట్టీ) పరుస్తామనీ, ట్యూబులైట్ల అవసరమే ఉండదనీ, కరెంటు బిల్లు సగానికి తగ్గుతుందనీ చెప్పారు. హాలు 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. ఆయన చూపించిన స్ట్రిప్పు పెట్టె మీద 12 వోల్టులు, మీటరుకు 14.4 వాట్లు అని ఉంది.

నాన్నగారికి ఇప్పుడు 78 ఏళ్లు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. రాత్రిపూట వేసుకొనే మాత్రల్లో లేత గులాబీ రంగుది ఒకటి, తెల్లది ఒకటి ఉన్నాయి. ఇప్పుడున్న వెలుతురులో ఆ రెండింటినీ పోల్చుకోలేక, ప్రతి రాత్రీ మమ్మల్ని పిలిచి చూపించుకుంటున్నారు. అందుచేత అందం కంటే ముందు ఆయనకు సరిగ్గా కనబడటమే మాకు ముఖ్యం. బిల్లు సగమవుతుందన్న మాట నిజమేనా? ఈ గాలికి స్ట్రిప్పులు ఎన్నాళ్లు మన్నుతాయి? మా ఇన్వర్టరు బ్యాటరీ కూడా 12 వోల్టులదే కాబట్టి, కరెంటు పోయినప్పుడు స్ట్రిప్పును నేరుగా బ్యాటరీకి కలుపుకోవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ఉక్కునగరం విశ్రాంత ఇంజనీరు

మీరు పెట్టె మీది అంకెలు కూడా రాయడం వల్ల లెక్క చెప్పడం తేలికైంది. ఎల్‌ఈడీ అనగానే కరెంటు తగ్గుతుందన్న నమ్మకం బల్బు విషయంలో సరైనదే గాని, స్ట్రిప్పు విషయంలో అలా గుడ్డిగా నమ్మకూడదు. బల్బు మీద రాసేది మొత్తం వాట్లు, స్ట్రిప్పు మీద రాసేది మీటరుకు వాట్లు. మీ హాలు చుట్టుకొలత 52 అడుగులు, అంటే దాదాపు 16 మీటర్లు. 16 మీటర్లను 14.4 వాట్లతో హెచ్చిస్తే 230 వాట్లు వస్తుంది. ఇంటి కరెంటును దించి స్ట్రిప్పుకు 12 వోల్టులు ఇచ్చే పెట్టె (ఎస్‌ఎంపీఎస్) కూడా పదో వంతు వరకు తాను తింటుంది కనుక, కరెంటు మీటరు మీద పడేది 250 వాట్లకు పైమాటే.

ఇప్పుడు మీ హాలులో ఉన్న రెండు ట్యూబులైట్లు ఎంత తీసుకుంటున్నాయో చూడండి. ట్యూబుది 36 లేదా 40 వాట్లు, పాత చోకు వేడి రూపంలో వృథా చేసేది మరో పన్నెండు వాట్లు. ఒక్కొక్కటి 50 వాట్ల చొప్పున రెండూ కలిపి 100 వాట్లు. రోజుకు ఆరు గంటల చొప్పున నెలకు ట్యూబులైట్లకు 18 యూనిట్లు అవుతుంటే, ఆ స్ట్రిప్పుకు 45 యూనిట్లు దాటుతుంది. బిల్లు సగం కావడం అటుంచి, హాలు వరకు రెండింతలు దాటుతుంది. మన బిల్లుల్లో యూనిట్లు పెరిగేకొద్దీ పై శ్లాబు ధర పడుతుంది కాబట్టి, మీ వాడకం ఇప్పటికే శ్లాబు అంచున ఉంటే ఆ అదనపు యూనిట్లన్నీ ఎక్కువ ధరకే వస్తాయి.

అంత కరెంటు ఖర్చు చేసినా, ఆ వెలుతురంతా కిందికి రాదు. ఫాల్స్ సీలింగ్ అంచులో దాచిన స్ట్రిప్పు కాంతి ముందు పైకప్పుకు తగిలి, అక్కడి నుంచి చెదిరి కిందికి దిగాలి. ఆ ప్రయాణంలో చాలా భాగం గాడిలోనే చిక్కుకుంటుంది. రెండేళ్లకు పైకప్పు రంగు మాసి, గాడిలో దుమ్ము పేరుకుంటే ఇంకా తగ్గుతుంది. చుట్టాలు వచ్చినప్పుడు, పండగ పూట ఆ మెత్తని వెలుగు చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ మాత్రల రంగు పోల్చుకోవలసిన పెద్దవారికి అది పనికి వచ్చే వెలుతురు కాదు.

నా సలహా ఏమిటంటే, గదికి ప్రధానమైన వెలుతురు కోసం 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్లు (ట్యూబులైటులా పొడవుగా ఉండే దీపాలు) పెట్టుకోండి. మంచి రకం బ్యాటెన్ ఒకటి సుమారు 2000 ల్యూమెన్ల (వెలుతురుకు కొలత) కాంతి ఇస్తుంది. లెక్కకు పాత ట్యూబు కొంచెం ఎక్కువే ఇస్తుంది గాని, దాని వెలుతురు నాలుగు వైపులా పోయి సగం గోడకూ పట్టీకీ తగులుతుంది. బ్యాటెన్ వెలుతురంతా ముందుకే వస్తుంది. హాలుకు రెండు బ్యాటెన్లూ కలిపి 40 వాట్లు, నెలకు ఏడు యూనిట్ల చిల్లర. స్ట్రిప్పులను మాత్రం అవి నిజంగా మేలు చేసే చోటికి, అంటే వంటగట్టు మీదికి, అలమరా లోపలికి, మెట్ల అంచుకు, మంచం పక్కన గూటిలోకి పరిమితం చేయండి. అక్కడ పని జరిగే చోటికి రెండడుగుల దూరంలోనే కాంతి ఉంటుంది కనుక, పది ఇరవై వాట్లతో గది మొత్తం వెలిగించినా రాని స్పష్టత వస్తుంది.

నా మాట మీద నమ్మకంతో కాక, మీరే స్వయంగా సరిచూసుకొనే ఉపాయం ఒకటి ఉంది. మీ కరెంటు మీటరు మీద చిన్న ఎర్ర దీపం మిణుకుమంటుంటుంది, దాని పక్కన ఎన్ని పల్సులకు (మిణుకులకు) ఒక యూనిట్టో రాసి ఉంటుంది. ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి, పరీక్షించదలచిన దీపాలు మాత్రమే వెలిగించి, మూడు నిమిషాల్లో అది ఎన్నిసార్లు మిణుకుమన్నదో లెక్కపెట్టండి. 3200 పల్సుల మీటరైతే 100 వాట్లకు పదహారు సార్లు మిణుకుమంటుంది.

గాజువాక వైర్‌మ్యాన్

పైన పెద్దలు చెప్పిన లెక్క సరైనది. నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. భీమిలి మొదలు గంగవరం దాకా సముద్రపు ఒడ్డు ఇళ్లలో బిగించిన స్ట్రిప్పులు ఎలా పాడవుతాయో, తిరిగి విప్పేటప్పుడు నా చేతులతో చూశాను కాబట్టి ఆ సంగతి చెబుతాను.

స్ట్రిప్పులో ముందుగా పోయేది దీపం కాదు, అతుకు. కత్తిరించిన చోట, వైరు కలిపిన చోట రాగి బయటపడి ఉంటుంది. పూత లేని మామూలు స్ట్రిప్పును మీ ప్రాంతంలో కిటికీ దగ్గర పెడితే, ఒక్క వానాకాలం గడిచేసరికి ఆ రాగి మీద పచ్చగా చిలుము పడుతుంది. ముందు మూడు దీపాలు మసకబారతాయి, తరువాత ఆ ముక్క ఆరిపోతుంది, ఆపైన మొత్తం స్ట్రిప్పు ఆగి ఆగి వెలుగుతుంది. క్లిప్పు కనెక్టర్లతో పని తొందరగా అవుతుంది గాని, ఉప్పుగాలికి ఆ సన్నని రేకులు నిలవవు. టంకం వేసి కలపమని పట్టుబట్టండి. వరండాకు, వంటింటికి, మెట్లకు దుమ్ము, నీటి జల్లు లోపలికి పోకుండా సిలికాన్ పూత ఉన్న ఐపీ 65 రకం తీసుకోండి. అయితే కత్తిరించిన మరుక్షణం ఆ చివర పూత పోయినట్టేనని గుర్తుంచుకొని, టంకం వేశాక దాన్ని మళ్లీ సిలికాన్‌తో మూసేయాలి. ఆ సిలికాన్ వెనిగర్ వాసన వచ్చేది కాకూడదు. దానిలోని ఆమ్లమే రాగిని తినేస్తుంది. న్యూట్రల్ సిలికాన్ అని అడిగి తీసుకోండి.

రెండోది వేడి. స్ట్రిప్పును నేరుగా చెక్క మీదో గోడ మీదో అంటిస్తే వేడి పోయే దారి ఉండదు, దీపాల మీది పసుపు పూత నల్లబడి వెలుతురు తగ్గిపోతుంది. పైగా డిస్టెంపర్ గోడకు వెనకాల బంక నిలవదు, వేసవి ఉక్కపోతకు వారంలో ఊడి వేలాడుతుంది. అల్యూమినియం చానల్‌ను (గాడిలాంటి పట్టీని) మరలతో బిగించి, అందులో స్ట్రిప్పు అంటించి, మీద పాలరంగు మూత పెట్టాలి. చానల్ ఖర్చు ఎక్కువని ఇంటివారు వద్దంటుంటారు, కానీ నేను చానల్‌లో వేసినవి ఆరేడేళ్లుగా వెలుగుతున్నాయి, చానల్ లేకుండా వేసినవాటికి రెండేళ్లు తిరగకుండానే మళ్లీ వెళ్లవలసి వచ్చింది.

వైరు విషయం చాలామంది పట్టించుకోరు. 12 వోల్టుల్లో ఆంపియర్లు ఎక్కువ. 72 వాట్ల ఐదు మీటర్ల రోలుకు 6 ఆంపియర్లు పారుతాయి. ఎస్‌ఎంపీఎస్ స్విచ్‌బోర్డు దగ్గర, స్ట్రిప్పు పది మీటర్ల దూరాన ఉండి, మధ్యలో ఒక చదరపు మిల్లీమీటరు వైరు లాగితే, రానుపోను ఇరవై మీటర్ల వైరులోనే దాదాపు 2 వోల్టులు పోతాయి, మిగిలిన పది వోల్టులతో స్ట్రిప్పు గుడ్డిగా వెలుగుతుంది. అదే 24 వోల్టుల స్ట్రిప్పు అయితే ఆంపియర్లు సగమవుతాయి, పోయేది ఒక్క వోల్టే, తేడా కంటికి కనబడదు. అందుకే ధర కొంచెం ఎక్కువైనా 24 వోల్టులదే తీసుకోమంటాను. ఒక రోలు చివరికి ఇంకో రోలు అతికించి పొడిగించవద్దు. ప్రతి రోలుకూ ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే వైరు రావాలి.

ఎస్‌ఎంపీఎస్‌ను స్ట్రిప్పు అవసరం కంటే ఐదో వంతు ఎక్కువ సామర్థ్యంతో, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు చూసి కొనండి. దాన్ని ఫాల్స్ సీలింగ్ లోపల పెట్టి మూసేయనివ్వకండి. స్ట్రిప్పు కంటే ముందు చెడిపోయేది అదే. చెయ్యి అందే చోట, గాలి ఆడే చోట ఉండాలి. నేరుగా 230 వోల్టులకు కలిపే చవక స్ట్రిప్పులు కూడా దొరుకుతాయి. పందిళ్లకు, పెళ్లిళ్లకు సరే గాని, చేయి తగిలే వంటగట్టు దగ్గర, పిల్లలు ఎక్కే మెట్ల దగ్గర వాటిని పెట్టడానికి నేనైతే ఒప్పుకోను.

ఎంవీపీ కాలనీ గృహిణి

వంటింటి గురించి నా అనుభవం చెప్పదలచాను. మూడేళ్ల క్రితం మేము వంటగట్టు పైనున్న అరల కింద స్ట్రిప్పు వేయించుకున్నాం. బిగించినవారు అరకు వెనుక, గోడ పక్కగా అంటించారు. మా గట్టు నున్నటి నల్ల గ్రానైటు. స్విచ్ వేయగానే గ్రానైటులో వరుసగా వంద చుక్కలు మెరిసి, కూర తరుగుతుంటే కళ్లలో గుచ్చుకునేవి. వెలుతురంతా గోడ పలకల మీద పడి, నా చేతుల ముందు మాత్రం నీడే మిగిలింది. తాలింపు ఆవిరి, నూనె జిడ్డు చేరి ఏడాదిలోపే సగం స్ట్రిప్పు ఊడి గిన్నెల మీదికి వేలాడింది.

తరువాత అంతా తీయించి, అరకు ముందు అంచున, లోపలి వైపుకు వాలుగా చానల్ పెట్టించి, చుక్కలు విడిగా కనబడని సీఓబీ రకం స్ట్రిప్పును పాలరంగు మూతతో వేయించుకున్నాను. ఇప్పుడు వెలుతురు కత్తిపీట మీదే పడుతోంది, పొయ్యికి దూరంగా జరిపించడం వల్ల ఆవిరి కూడా తగలడం లేదు. మూతను నెలకోసారి తడిగుడ్డతో తుడిస్తే చాలు.

రంగు విషయంలో ఒక్క మాట. మొదట వేసింది 6500 కెల్విన్ నీలి తెలుపు. ఆ వెలుతురులో గోంగూర వాడిందో లేతదో తెలిసేది కాదు, పసుపు పాలిపోయినట్టుండేది. ఈసారి నీలి ఛాయ తక్కువగా ఉండే 4000 కెల్విన్, సీఆర్‌ఐ 90 అని అడిగి తీసుకున్నాను. సీఆర్‌ఐ అంటే ఆ వెలుతురులో వస్తువుల రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె, సూర్యకాంతికి 100. మామూలు దుకాణాల్లో అడగకపోతే 80 రకమో, ఇంకా తక్కువో ఇస్తారు. మీ నాన్నగారి మాత్రలు గులాబీ రంగువి అన్నారు కాబట్టి ఇది మీకు బిల్లు కంటే ముఖ్యమని నాకనిపిస్తోంది. సీఆర్‌ఐ తక్కువైన దీపాలు దెబ్బతీసేది ఎర్రని, గులాబీ ఛాయలనే. ఆయన మంచం పక్కన గూటిలో ఒక్క మీటరు మంచి స్ట్రిప్పు పెట్టించి చూడండి. దీపం ఆయన కళ్లకు నేరుగా కనబడకూడదు, మాత్రల డబ్బా మీద మాత్రమే పడాలి. మా అత్తగారికి ఆపరేషన్ అయ్యాక వెలుతురు తక్కువైతే ఎంత ఇబ్బందో, కళ్లలోకి కొడితే అంతకు రెట్టింపు ఇబ్బంది పడేవారు.

పెదవాల్తేరు నివాసి

మీ ముగ్గురికీ మనసారా కృతజ్ఞతలు. ఫాల్స్ సీలింగ్ ఆలోచన మానుకున్నాం. ఇన్వర్టరు సంగతి ఒక్కటి మిగిలింది. హుద్‌హుద్ అప్పుడు రోజుల తరబడి చీకట్లో గడిపినవాళ్లం కాబట్టి, ప్రతి అక్టోబరులోనూ ఆ భయం మాకు ఉంటుంది. బ్యాటరీకి నేరుగా కలపడంలో ప్రమాదం ఏమైనా ఉందా?

ఉక్కునగరం విశ్రాంత ఇంజనీరు

ఉంది, నేరుగా కలపవద్దు. 12 వోల్టుల బ్యాటరీ అని పేరే గాని అది ఎప్పుడూ 12 దగ్గర నిలిచి ఉండదు. కరెంటు ఉండి చార్జి అవుతున్నప్పుడు 14.4 వోల్టుల దాకా ఎక్కుతుంది, వాడకంలో ఉన్నప్పుడు 11కు దిగుతుంది. స్ట్రిప్పులో మూడేసి దీపాలకు ఒక చిన్న రెసిస్టరు మాత్రమే అడ్డుగా ఉంటుంది. వోల్టేజి రెండున్నర వోల్టులు పెరిగితే దీపాల గుండా పారే ప్రవాహం ఒకటిన్నర రెట్లు దాటి, అవి వేడెక్కి త్వరగా మాడిపోతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఆ బ్యాటరీ తీగలు ఎక్కడైనా ఒకదానికొకటి తగిలితే వందల ఆంపియర్లు పారి, వైరు క్షణంలో ఎర్రబడి అంటుకుంటుంది. బ్యాటరీ టెర్మినల్ దగ్గరే ఫ్యూజు లేకుండా దానికి ఏ తీగా తగిలించకూడదు.

మీ అవసరానికి అంత దూరం వెళ్లనక్కరలేదు. ఎస్‌ఎంపీఎస్‌ను ఇన్వర్టరు లైనుకు కలిపించండి, సరిపోతుంది; సైన్‌వేవ్ ఇన్వర్టరైతే మరీ మంచిది. బ్యాటెన్లు, స్ట్రిప్పులు కలిపి మీ ఇల్లంతా నూట యాభై వాట్లలోపే ఉంటుంది కాబట్టి, పాత ట్యూబులైట్లతో మూడు గంటలు వచ్చే బ్యాటరీ దీపాల వరకే అయితే దాదాపు రెట్టింపు సేపు వస్తుంది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున హాలు దీపాలు ఆపి, ఒక్క వంటగట్టు స్ట్రిప్పుతో నడిపితే ఇంకా ఎంతో ఎక్కువ.

పెదవాల్తేరు నివాసి

మూడు వారాల తరువాత రాస్తున్నాను. పని దాదాపు పూర్తయింది. పాతవి విప్పే ముందు మీరు చెప్పినట్టు మీటరు దగ్గర నిలబడి లెక్కపెట్టాం. మాదీ 3200 పల్సుల మీటరే. హాలు ట్యూబులైట్లు రెండింటికీ మూడు నిమిషాల్లో పదిహేడు సార్లు మిణుకుమన్నది. కొత్త బ్యాటెన్లు పెట్టాక ఏడోది పడేసరికి మూడు నిమిషాలు దాటిపోయాయి. మా అబ్బాయి ఆ రెండు అంకెలనూ మీటరు పెట్టె తలుపు మీద సుద్దతో రాశాడు, ఇంకా చెరపలేదు.

వంటగట్టుకు ఎనిమిదడుగులు, నాన్నగారి గూటికి మూడడుగులు 24 వోల్టుల స్ట్రిప్పు చానల్‌లో వేయించాం. సీఆర్‌ఐ 90 రకం మొదటి రెండు దుకాణాల్లో లేదన్నారు, మూడో చోట రెండు రోజులు ఆగితే తెప్పించి ఇచ్చారు. గూటిలో దీపాన్ని పై పలక వెనుక దాచి, మాత్రల డబ్బా మీదికి వంచాం. మొదటి రాత్రి నాన్నగారు రెండు మాత్రలనూ అరచేతిలో పెట్టుకొని, చెయ్యి దీపం కిందికి చాపి, గులాబీదాన్ని వేలితో పక్కకు జరిపి, ముందు అదే వేసుకున్నారు. మమ్మల్ని పిలవలేదు.

మెట్లది మాత్రం మిగిలింది. వానలు పడుతున్నాయి, అతుకుల మీద సిలికాన్ పూర్తిగా ఆరాకే బిగిద్దామని ఆగాం. తీసిన ఐదు ట్యూబులు, చోకులు పెరట్లో ఉన్నాయి. వాటిని ఏం చేయాలి?

గాజువాక వైర్‌మ్యాన్

చోకుల్లో రాగి తీగ ఉంటుంది, పాత సామాన్ల దుకాణంలో తూకానికి తీసుకుంటారు. ట్యూబులను మాత్రం పగలగొట్టవద్దు, మామూలు చెత్తలో కలపవద్దు. వాటిలో పాదరసం ఉంటుంది. ఒక్కొక్కదానికీ పాత వార్తాపత్రిక చుట్టి, కట్టగా కట్టి, చెత్త బండి వచ్చినప్పుడు ప్రమాదకరమైన చెత్త అని చెప్పి విడిగా ఇవ్వండి, లేదా ఈ-వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించండి. పొరపాటున ఒకటి పగిలితే కిటికీలు తెరిచి, పావుగంట అందరూ బయట ఉండి, ఆ తరువాత అట్టముక్కతో ఎత్తండి, చీపురుతో ఊడ్చవద్దు. మెట్ల స్ట్రిప్పుకు సిలికాన్ రాసిన తరువాత కనీసం రెండు రోజులు ఆగండి.